చదరంగపు బల్ల, తేనీటి బల్ల

మార్సెల్ డ్యుషాం అను ఫ్రెంచి చిత్రకారుని పేరు వినగానే చదువరులకు సాధారణముగా రెండు విషయములు జ్ఞప్తికి వచ్చును. ఒకటి, మెట్లు దిగుచున్న నగ్నరూపమును పలకలు పలకలుగా విడదీసి చూపిన 1912 నాటి చిత్రము. రెండవది, 1917లో న్యూయార్కు నగరమునందలి ప్రదర్శనమునకు మారుపేరుతో ఆయన పంపిన మూత్రపు తొట్టి. వీనిని బట్టి ఆయనను క్రాంతదర్శి యని కొలుచువారు కొందరు, వట్టి గారడీవాడని త్రోసివేయువారు కొందరు. ఈ తగవు నూరేండ్లుగా సాగుచునే యున్నది. అందు తలదూర్చుట మా యుద్దేశము కాదు. ఆ రెంటికిని ముందు, 1910వ సంవత్సరమున, ఇరువదిమూడేండ్లు నిండీ నిండని ప్రాయమున ఆయన వ్రాసిన యొక పటమును గూర్చి చెప్పదలచితిమి. దాని పేరు ‘చదరంగపు ఆట’. దీనిని శిష్యదశలోని పనిగా నెంచి, ఒకటి రెండు వాక్యములతో దాటిపోవుట విమర్శకులకు పరిపాటి. సంసారము గలవారు, ఇంటి యాడువారితో కలసిమెలసి బ్రతుకువారు, ఆయన చిత్రములలో ముందుగా చూడవలసినది ఇదియే యని మా తలంపు.

పటము చిన్నది కాదు. ఎత్తు 114 సెంటీమీటర్లు, వెడల్పు 146 సెంటీమీటర్లకు పైన. స్థలము పారిసునకు పడమటనున్న ప్యుటో యను నూరు. డ్యుషాం అన్నలిరువురును అచ్చట చిత్రశాలలు పెట్టుకొని కాపురముండిరి. పెద్దయన్న గాస్తోన్, జాక్ వియోన్ అను పేరుతో చిత్రములు వ్రాసి, లోహపు రేకులపై గీసి ముద్రలు తీసినవాడు. రెండవయన్న రేమాన్, వైద్యవిద్యను నడుమ విడిచి శిల్పియైనవాడు. తమ్ముడు మార్సెల్ ఆదివారములందు వారి యింటికి పోవుచుండెడివాడు. ఆ యింటి తోటయే ఈ పటమునకు రంగస్థలము.

అన్నలిద్దరు నొక బల్లకు చెరియొక ప్రక్కను కూర్చుండి చదరంగమాడుచున్నారు. చుట్టును పచ్చని తోట. వారికంటె ముందుగా, అనగా చూచు మనకు దగ్గరగా, వారి భార్యలిద్దరు నున్నారు. ఒకామె పచ్చికపై, వేరొకామె తేనీటి సామగ్రి యమర్చిన బల్ల యొద్ద. ఇంతియే. పురాణకథ లేదు, ప్రణయము లేదు, కలహమైనను లేదు. ఆడుచున్న యిద్దరు తప్ప తక్కినవారు ఏమియు చేయుచుండలేదు.

మేము చూచినది అచ్చుప్రతులను గనుక రంగుల సొంపును గూర్చి పట్టుపట్టము. కూర్పును గూర్చి మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. ఇది సెజాన్ నీడలో పెరిగిన చిత్రము. ఆ మహాశిల్పి 1906లో మరణించెను. మరుసటి యేడు పారిసునందలి శరత్కాల ప్రదర్శనమున ఆయన చిత్రములను ప్రోగుచేసి చూపిరి. అప్పటి యువచిత్రకారులలో ఆ ధాటికి లోబడనివాడు అరుదు. ముఖ్యముగా ఆయన పేకాటగాండ్ర పటములు, బల్లకు ఇరువైపులను గుట్టలవలె నిశ్చలముగా కూర్చున్న పల్లెవారి రూపములు, డ్యుషాం మనసున నున్నవనుటకు సందేహము లేదు. తన పటమును 1910లో ఆయన పంపినదియు ఆ శరత్కాల ప్రదర్శనమునకే. విమర్శకులు ఇంతవరకు సరిగానే చెప్పిరి. ఇంతటితో నాగుటయే వారి లోపము.

ఏలయన, సెజాన్ పేకాటగాండ్ర యొద్ద ఒంటరివారు లేరు. పెద్ద పటములలో వెనుక నిలుచుండి చూచువాడు కలడు. వాని చూపు ఆటపైననే. ఆడనివాడు సైతము ఆటలోనివాడే. మన రచ్చబండలపై పులిజూదము జరుగునప్పుడు చుట్టును మూగినవారు ఆడువారికంటె నెక్కువగా ఎత్తులు చెప్పుచుందురు గదా! సెజాన్ బల్ల చుట్టును అట్టి మౌనమైన పొత్తు కలదు. డ్యుషాం తోటలో అది తెగిపోయినది. నలుగురు మనుష్యులు, రెండు బల్లలు. ఆడువారి చూపు మగవారిపై లేదు, మగవారి చూపు ఆడువారిపై లేదు. ఆ స్త్రీలిద్దరు నొండొరులను చూచుకొనుటయు లేదు. ఎవరి తలపులో వారున్నారు. పురుషులకు మాత్రము తలపు నిలుపుకొనుటకు అరువదినాలుగు గళ్లు కలవు.

ఇచ్చట నొక చిన్న విషయమును చదువరులు గమనింపవలెను. పటమునకు పెట్టిన పేరు ఆటది. పటమున ముందుచోటు ఆటకు దక్కలేదు. పేరు విని చూడవచ్చినవాని కన్ను మొదట ఆ స్త్రీలను తాకి, పిదప వారిని దాటి, అవతలి యాటను చేరవలసి వచ్చును. ఒక పెండ్లికి పిలిచి, వంటశాల గుండ నడిపించి, మండపమునకు తీసికొనిపోయినట్లున్నది. మండపమున నేమి చూచితిమో మరచిపోవచ్చును గాని, పొయ్యి యొద్ద చెమటలు కార్చుచున్న ముఖము మరపునకు రాదు.

చిత్రకారుడు స్త్రీజన పక్షపాతియై, అన్నలను మందలింపగోరి ఈ పటమును వ్రాసెనని మేమనుట లేదు. అట్టి యుద్దేశము ఆయనకు లేదనియే మా నమ్మకము. అన్నలనిన ఆయనకు ప్రేమ, గౌరవము. చదరంగము నేర్పినవారు వారే. కాని మన ఆలంకారికులు ధ్వనియని చెప్పినది కవి సంకల్పముతోనే ముడివడి యుండదు. చెప్పిన మాట యొకటియై, దాని వెంట తోచు నర్థము వేరొకటి యగుచు, ఆ తోచినదే ప్రధానమై నిలుచుట కావ్యమునందు కలదు. చిత్రమునందును కలదని ఈ పటమును చూచినవారు ఒప్పుకొనక తప్పదు. ఇందు వాచ్యము చదరంగము. వ్యంగ్యము నిరీక్షణము.

“ఇందు విచారింపవలసిన దేమున్నది? చల్లని తోట, సాయంకాలపు తేనీరు, కూడు గుడ్డలకు లోటు లేని కుటుంబము. వారు తీరికగా కూర్చున్నారు, అంతే గదా!” యని కొందరనవచ్చును. తీరిక వేరు, తోచకపోవుట వేరు. తీరిక యనునది మనము కోరి తెచ్చుకొన్న విరామము. అందు మనకొక వ్యాపకముండును, లేదా వ్యాపకము లేకుండుటయే సుఖముగా నుండును. తోచకపోవుట ఇతరుల వ్యాపకము తీరువరకు మనము కాచుకొనియుండుట. తేనీటి బల్ల యొద్ద కూర్చున్నామె ఏమి చేయుచున్నదని యడిగిన, ‘కాచుకొని యున్నది’ యనుటయే తగిన సమాధానము. ఆట ముగిసిన తరువాత తేనీరు కావలసినవారెవరో చెప్పనక్కరలేదు. వడ్డించుట పనియని లోకమున కొంత గుర్తింపు కలదు. వడ్డించుటకై వేచియుండుట మాత్రము ఏ లెక్కలోను చేరలేదు. మన యిండ్లలో రాత్రి పది దాటినను భర్త రాకకై అన్నము మూతపెట్టి కూర్చుండు ఇల్లాండ్రను తలచుకొన్నచో ఈ మాట యర్థము సులభముగా తెలియును.

చదరంగమునకు తక్కిన యాటలకు లేని యొక గుణము కలదు. అది ఇద్దరి యాట; మూడవవానికి చోటు లేదు. మాటలక్కరలేదు. ఒక్కొక్క యెత్తునకు అరగంట ఆలోచించినను తప్పులేదు. పేకాటలో నలుగురుందురు, నవ్వుదురు, తగవులాడుదురు. ఇంటిలోని యాడువారును ఒక చేయి వేయుదురు. చదరంగము ముందు కూర్చున్న పురుషుడు ఇంటనుండియు ఇంట లేనివాడు. పొరుగూరికి పోయినవానికి కబురు పంపవచ్చును. ఈతనికి పంపుట దుర్లభము.

మా పాఠశాలలో పై తరగతి బాలికలకు ఈ పటము ప్రతిని చూపి, తోచినది చెప్పుడని యడిగితిమి. ఒక్కతె రంగులు మెచ్చుకొన్నది. ఒక్కతె ఎవరి ముఖమును స్పష్టముగా లేదని ఆక్షేపించినది. వెనుక వరుసలోని బాలిక లేచి, “మేష్టారూ, వాళ్లకు ఆట రాదా, వచ్చినా పిలవలేదా?” అని యడిగినది. కళావిమర్శకుల గ్రంథములలో ఈ ప్రశ్న మాకింతవరకు కానరాలేదు.

ఆ ప్రశ్నకు సగము సమాధానము ఆ కుటుంబము చిత్రములలోనే కలదు. 1904లో పెద్దయన్న వియోన్ రేకుపై గీసి తీసిన ముద్ర యొకటి యున్నది. అందును చదరంగమే. ఆడుచున్నవారు మార్సెల్, ఆయన చెల్లెలు సుజాన్. అప్పటికి మార్సెల్‌కు పదునేడేండ్లు. సుజాన్ రెండేండ్లు చిన్నది. అనగా ఆ యింట ఆడపిల్లకు ఆట తెలియును, అన్నకు ఎదురుగా కూర్చుండు నధికారమును కలదు. ఆ సుజాన్ తరువాత పేరుగాంచిన చిత్రకారిణి యైనది. ఒక్క ముద్రను, ఒక్క పటమును పట్టుకొని ఒక కుటుంబమునెల్ల తూచుట న్యాయము కాదు. అయినను, పుట్టినింట చెల్లెలికి దొరికిన పీట మెట్టినింట వదినెలకు దొరకలేదేమో యను ఊహ మమ్ము విడుచుట లేదు. ఈ వ్యత్యాసము ఫ్రెంచి దేశమునకే ప్రత్యేకమని మన చదువరులు తలపరనుకొందుము.

ఆ దేశపు చట్టములను గూర్చియు నొక మాట. వివాహితయైన స్త్రీ తాను పనిచేసి సంపాదించిన కూలిని తన యిచ్చవచ్చినట్లు ఖర్చు పెట్టుకొనుటకు ఫ్రాన్సునందు చట్టము అనుమతించినది 1907లో. అనగా ఈ పటమునకు మూడేండ్ల ముందు మాత్రమే. స్త్రీలకు ఓటుహక్కు వచ్చినది 1944లో, దానిని మొదట వినియోగించుకొన్నది 1945లో. స్వాతంత్ర్యము, సమానత్వము, సౌభ్రాత్రము అను మూడు మాటలను కచేరీల గోడలపై చెక్కించుకొన్న దేశమది. మూడింటిలో సౌభ్రాత్రము మాత్రము ఈ పటమున నిండుగా కలదు.

చదరంగపు పటములన్నియు నిట్లే యుండునని తలపరాదు. డ్యుషాం కంటె మూడువందల యేబదియైదేండ్లు ముందు, 1555లో, ఇటలీలోని క్రెమోనా పట్టణపు చిత్రకారిణి సోఫోనిస్బా ఆంగ్విస్సోలా ఒక చదరంగపు పటమును వ్రాసెను. అది యిప్పుడు పోలండు దేశమున పోజ్నాన్ మ్యూజియమునందు కలదు. అందున్నవారు ఆమె చెల్లెండ్రు ముగ్గురు, వారి ముసలి దాసి. స్థలము అచ్చటను ఆరుబయలే, బల్లయు నట్టిదే. భేదము చూపులలో నున్నది. పెద్దపిల్ల లూచియా పావును పట్టుకొని, ఎత్తు వేసి, మనవైపు చూచుచున్నది. మనవైపనగా ఎదుట నిలిచి తన్ను చిత్రించుచున్న అక్కవైపు. ఓడిపోవుచున్న మినర్వా చేయెత్తి లూచియాతో నేదో చెప్పబోవుచున్నది. నడుమనున్న చిన్నది యురోపా, మినర్వా ముఖము చూచి నవ్వాపుకొనలేకున్నది. దాసి ప్రక్కనుండి ఆ పిల్లలను చూచుచున్నది. ఒకరి చూపు నొకరందుకొని గొలుసువలె సాగి, చిత్రకారిణి యొద్దకు వచ్చి ముగియుచున్నది. ఆ ఇంట నున్నవారిలో ఆటకు వెలిగా నున్నవారు లేరు. తాను ఫలానావారి కూతురననియు, తన చెల్లెండ్రను, దాసిని చూచి వ్రాసితిననియు ఆమె చదరంగపు బల్ల యంచున వ్రాసికొన్నది కూడను.

ఈ రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి డ్యుషాం తోటలోని నిశ్శబ్దము ఎంతటిదో తెలియును. పనితనమున ఆంగ్విస్సోలా గొప్పది, డ్యుషాం తక్కువవాడు అని చెప్పుట మా తాత్పర్యము కాదు. ఆమె కాలమునాటి పద్ధతి వేరు. ఆమె ముఖములను వ్రాసినది. ఈతడు ముఖముల నడుమనున్న ఎడమును వ్రాసినాడు. ఎడమును వ్రాయుట సులభమైన పని కాదు.

ఆంగ్విస్సోలా చెల్లెండ్ర కాలమునకు చదరంగమే క్రొత్తరూపు దాల్చియుండెను. ఈ యాట మన దేశమున చతురంగమను పేర పుట్టినదని అందరు నెరుగుదురు. ఏడవ శతాబ్దిలో బాణభట్టు హర్షచరిత్రమున దీనిని ప్రస్తావించి శ్లేషించెను. మన బల్లపై రాజు ప్రక్కన నుండునది మంత్రి. పారసీకుల మీదుగా, అరబ్బుల మీదుగా యూరపు చేరునప్పటికి ఆ మంత్రి రాణియయ్యెను. మొదట ఆ రాణి ఒక్కొక్క గడి మాత్రమే, మూలగా, జరుగుచుండెడిది. పదునేనవ శతాబ్దాంతమున ఆమెకు ఎనిమిది దిక్కులకును ఎంతదూరమైనను పోవు శక్తి నిచ్చిరి. నాటి నుండి బల్లపై అందరికంటె బలవతి ఆమెయే. ప్యుటో తోటలోను అట్టి రాణులు రెండు బల్లపై నెనిమిది దిక్కులు తిరిగియుండును. బల్ల ప్రక్కన ఇద్దరిల్లాండ్రు కూర్చున్నచోటనే కూర్చుండిరి.

మన తెలుగువారికి ఈ విషయమున తలయెత్తుకొని చెప్పుకొనదగినది ఒకటి కలదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి 2002లో, పదునేనేండ్ల ప్రాయమున, స్త్రీపురుష భేదము లేకుండ ఇచ్చు గ్రాండ్‌మాస్టరు బిరుదమును గెలుచుకొన్నది. భారతస్త్రీలలో దానిని పొందిన మొదటి యామె. బిడ్డ తల్లియైన పిదప 2019లోను, మరల 2024లోను స్త్రీల ర్యాపిడ్ చదరంగమున ప్రపంచవిజేత యైనది. ఆమెకు ఆట నేర్పినది తండ్రి. మా తరగతిలోని బాలిక యడిగిన ‘పిలుచుట’ యన నిదియే.

ఇక డ్యుషాం 1911లో వ్రాసిన రెండవ చదరంగపు పటమును చూతము. పేరు ‘చదరంగమాడువారి చిత్తరువు’. ఇంచుమించుగా మీటరు చదరము. మరల ఆ యన్నలే, మరల ఆ యాటయే. కాని తోట లేదు, పచ్చిక లేదు, పగటి వెలుగు లేదు. గ్యాసుదీపపు వెలుగులో వ్రాసితినని ఆయనయే చెప్పెను. రంగులు మసకబారి, బూడిదయు, గోధుమయు, కొంచెము పచ్చయు కలిసిన ఛాయలుగా మిగిలినవి. అప్పటికి పికాసో, బ్రాక్ ప్రభృతులు క్యూబిజమను పద్ధతిని నెలకొల్పియుండిరి. ఆ పద్ధతి తెలియనివారికి క్లుప్తముగా చెప్పుదుము: ఒక వస్తువును ఒకేచోట నిలిచి, ఒకేక్షణమున చూచినట్లు గాక, పలుచోట్లనుండి, పలుక్షణములలో చూచిన చూపులను ఒకే పటమున పేర్చుట. డ్యుషాం ఆ పద్ధతిని చదరంగమునకు ఎంతో నేర్పుతో అన్వయించెను. ఆటగాని ముఖము ఒకటికి రెండు మూడుగా వంగుచు, కదలుచు కనిపించును. పావులు బల్లపై గాక ఆ రెండు తలల నడుమ గాలిలో తేలుచున్నవి. నిజమైన యాట జరుగునది చెక్కపై గాదు, బుద్ధులలోననుట. ఆలోచనను ఇంత చక్కగా కంటికి చూపిన పటములు కొద్ది.

దీనిని విమర్శకులు మెచ్చుకొందురు, మేమును మెచ్చుకొందుము. 1913లో అమెరికాలో జరిగిన ఆర్మరీ ప్రదర్శనమున మెట్లు దిగు నగ్నరూపముతో పాటు ఇదియు చూపబడెను. మొదటి పటముకంటె దీని కట్టుబాటు బిగువైనది, ఊహ క్రొత్తది, పనితనమున తడబాటు లేదు. కాని ఈ పరిపూర్ణత వచ్చినది దేనిని తీసివేసిన మీదట? తేనీటి బల్లను తీసివేసిన మీదట. ఆ స్త్రీలిద్దరును పటమునుండి లేచిపోయిరి. వారితో పాటు ఆ సాయంకాలమును, ఆ నిరీక్షణమును, ఆ యిల్లును పోయినవి. మిగిలినవి రెండు బుద్ధులు. వానికి ఆకలి లేదు, వానికొరకు కాచుకొనువారు లేరు. మొదటి పటము ఆటను, ఆ యాటకు ఇతరులు చెల్లించు వెలను గూడ చూపినది. రెండవది ఆటను మాత్రమే చూపినది. నూతన చిత్రకళను గూర్చి వ్రాయువారు ఈ తొలగింపును ‘శుద్ధి’ యని పిలుతురు. ఇంటిని ఊడ్చి శుభ్రపరచుటయు శుద్ధియే, ఇంటిలోనివారిని బయటికి పంపుటయు శుద్ధియే. రెంటికిని భేదము కలదని మా మనవి.

అయినను డ్యుషాంను స్త్రీలను చూడనివాడని నిందించుట తగదు. ఆ 1911లోనే ఆయన ‘సొనాటా’ యను పటమును వ్రాసెను. అందు తల్లి, ముగ్గురు చెల్లెండ్రు. ఒకతె పియానో, ఒకతె వయొలిను వాయించుచుండగా, సుజాన్ కూర్చుండియున్నది. తల్లి వారి నడుమ నున్నది. ఆ తల్లికి వినికిడి బాగుగా లేదు. సంగీతము నిండిన గదిలో సంగీతము చెవికందని యామె! ఇంటి నడుమనుండియు ఇంట జరుగుదానికి వెలిగా నుండువారిని కనిపెట్టు కన్ను ఈ చిత్రకారునకు కలదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. ఆ కన్ను ఉన్నందుననే, తరువాత దానిని ఆయన వాడుకొనకపోవుట మాకు నష్టముగా తోచుచున్నది.

ఏమన, తరువాతి కథ అందరెరిగినదే. 1923 తరువాత ఆయన చిత్రకళను ఇంచుమించుగా విడిచి, చదరంగమునకే జీవితము నర్పించెను. 1928 మొదలు 1933 వరకు నాలుగు ఒలింపియాడ్లలో ఫ్రాన్సు పక్షమున ఆడెను. 1932లో విటాలీ హాల్బర్‌స్టాట్ అను నాతనితో కలిసి, రాజులును బంటులును మాత్రమే మిగిలిన కడపటి యాటలలో అరుదుగా తటస్థించు నొక స్థితిని గూర్చి గ్రంథము వ్రాసెను. 1927 జూనులో లిదీ సరజాన్-లెవసోర్ అను యువతిని వివాహమాడెను. ఆయన మిత్రుడు మాన్ రే ఒక వృత్తాంతము చెప్పెను: భర్త రేయింబవళ్లు చదరంగములో మునిగియుండుట సహింపజాలక, ఒక రాత్రి ఆమె లేచి, ఆయన నిద్రించుచుండగా పావులనన్నిటిని బల్లకు జిగురుతో అంటించెనట. 1928 జనవరిలోనే వారు విడిపోయిరి. మిత్రుడు చెప్పిన కథ గనుక కొంత ఉప్పుకారము చేరియుండవచ్చును. కాని ఈ కథను చెప్పువారందరు నవ్వుచునే చెప్పుదురు, ఆ నవ్వు ఆమెపైననే పడును. మాకు నవ్వు రాలేదు. పదునేడేండ్లుగా పటములో పచ్చికపై నూరకుండిన యామె లేచి, బల్ల యొద్దకు నడచి వచ్చినట్లు తోచినది.

ఈ సందర్భమున ప్రేమ్‌చందు 1924లో వ్రాసిన చదరంగపు ఆటగాండ్ర కథ స్ఫురింపక మానదు. 1977లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రముగా తీసెను. లక్నో నవాబు రాజ్యమును 1856లో ఆంగ్లేయులు కాజేయుచుండగా, ఇద్దరు జమీందారులు చదరంగము విడువరు. అందును ఒక బేగము తలనొప్పితో బాధపడుచు భర్తను పిలిపించి, రాకపోవుటచే కోపించి పావులను విసరివేయును. ప్రేమ్‌చందు ఆటగాండ్రను ఎత్తిపొడిచెను. రాజ్యము పోవుట ముందర ఇల్లాలి తలనొప్పి యొక చిన్న ఘట్టము. డ్యుషాం ఎవరిని ఎత్తిపొడువలేదు, ఆయన తోటలో ఏ రాజ్యమును కూలుట లేదు. అందుచేత ఆయన పటములోని స్త్రీలకు రాజ్యము చాటున దాగవలసిన పని లేదు. ఒక మామూలు ఆదివారమునాడు, ఏ యుపద్రవమును లేనప్పుడు, మంచివారైన పురుషుల నడుమనే వారట్లున్నారు. దుర్మార్గుని యింట స్త్రీ దుఃఖమును చూపుట మన నాటకములకు, నవలలకు వాడుకయే. మంచివాని యింట ఆమెకు తోచకపోవుటను చూపినవి అరుదు.

దోషములు లేవా యనిన, కలవు. రూపములు కొంత బరువెక్కినవి. సెజాన్ కుంచెను అరువు తెచ్చుకొన్న గుర్తులు దాగలేదు. ఆడువారి ముఖములపై మగవారి ముఖములకు పెట్టినంత శ్రద్ధ పెట్టలేదనియు ఆక్షేపింపవచ్చును. మతీస్ మరుసటి యేడు, 1911లో, తన కుటుంబమును చిత్రించిన పటమున కొడుకులిద్దరు డ్రాఫ్ట్స్ ఆడుచుండగా భార్య కుట్టుపని చేసికొనుచు, కూతురు పుస్తకము పట్టుకొని నిలుచున్నది. రంగుల వైభవమున డ్యుషాం దానికి సరి రాడు. కాని మతీస్ పటమున అందరును తివాసీమీది పూవులవలె అమరియున్నారు. అక్కడ ఎవరికి తోచుట లేదో అడుగవలెనని యనిపింపదు.

రేమాన్ మొదటి ప్రపంచయుద్ధమున సైనిక వైద్యశాలలలో పనిచేయుచు సన్నిపాతజ్వరము తగిలి, 1918లో మరణించెను. వియోన్ 1963 వరకు, మార్సెల్ 1968 వరకు జీవించిరి. రెండు చదరంగపు పటములును ఆరెన్స్‌బర్గ్ దంపతులు 1950లో ఇచ్చిన సేకరణముతో ఫిలడెల్ఫియా మ్యూజియమునకు చేరి, నేటికిని అచ్చటనే యున్నవి. పచ్చికపైని యామెకును తేనీటి బల్ల యొద్ది యామెకును పేర్లు కలవు: గాబీ, ఇవోన్. ఒకరు వియోన్ భార్య, ఒకరు రేమాన్ భార్య. మా తరగతి గదిలో వ్రేలాడదీసిన ప్రతి క్రింద చిత్రము పేరుతో పాటు నలుగురి పేర్లును వ్రాయించితిమి. ఆడువారి పేర్లు ముందు వ్రాయుమని వెనుక వరుస బాలిక యడిగినది; పటములో నున్న వరుసయు నదియే గనుక అట్లే వ్రాయించితిమి.